పిల్లల సాము తరగతులు - కానరాని వ్యయము

(ఆండిపట్టిలో ఆదివారము సాయంకాలము జరిగిన మన తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగము. సభ్యులు పలువురు కోరినందున పూర్తి పాఠమును ప్రకటించుచున్నాము.)



పిల్లల పెంపకమునకగు ఖర్చును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరినారు. అది మహాసముద్రము. దానిలో ఒక పాయను మాత్రమే నేడు ముట్టుకొందును. మన యిండ్లలో ఇప్పుడు ఆరేండ్లు నిండిన పిల్లవానిని గాని పిల్లను గాని కరాటే తరగతికో, సిలంబము తరగతికో, తైక్వాండో తరగతికో పంపుట సాధారణమైనది. సాయంకాలము అయిదు గంటలకు తెల్లని దుస్తులు తొడిగికొని, నడుమునకు రంగు బెల్టు బిగించుకొని పోవుచున్న బిడ్డను చూచి మురియని తల్లి యుండదు. ఆ మురిపెమును చెఱుపుట నా యుద్దేశము కాదు. దాని వెల యెంతయో తెలిసికొని చెల్లింతమని మాత్రమే నా మనవి.

ముందుగా ఒక మాట. సాము మనకు క్రొత్త విద్య కాదు. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురకు వచ్చిన కాలమునుండి మన పూర్వులలో పలువురు ఈ దక్షిణదేశమునకు కత్తి పట్టియే వచ్చిరి. పాళెములను ఏలిరి, కోటలను కాచిరి. కట్టబొమ్మ నాయకుని 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో ఉరితీసిన తరువాత, 1801లో కుంపిణీవారు పాళెగాండ్రందఱును ఆయుధములను ఒప్పగింపవలెనని శాసించిరి. కత్తి పోయినది గాని, కాలి అడుగు పోలేదు. రాజకంబళమువారు ఉరుమి మ్రోతకు వరుసగా నిలిచి యాడు దేవరాట్టమును చూచినవారికి ఆ సంగతి తెలియును. పెద్దవారు ఆడుచుండగా చిన్నవాడు వెనుక వరుసలో నిలిచి అడుగు నేర్చుకొనును. వానికి పరీక్ష లేదు, పత్రము లేదు. ఇక మన మాతృదేశమున విజయనగరములో వ్యాయామమునకు పేరు పొంది, సర్కసు నడపి, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొని లోకమును అబ్బురపఱచిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు ఇప్పటికిని ముసలివారి నోట వినబడుచునే యున్నది. కనుక శరీరమును సాధించుట మంచిదా కాదా యను ప్రశ్న మన యెదుట లేదు. అది మంచిదే. ఏ పద్ధతిని, ఎంత వెలకు అనునదే ప్రశ్న.

ఈ రంగు బెల్టుల పద్ధతి ఎక్కడిదో తెలిసిన, దాని ఖర్చు ఎక్కడినుండి పుట్టుచున్నదో తెలియును. ఇది అనాది సంప్రదాయమని పలువురనుకొందురు. అట్లు కాదు. జపానులో 1882లో జూడోను స్థాపించిన జిగోరో కానో అను ఉపాధ్యాయుడు శిష్యుల నేర్పును గుర్తించుటకు శ్రేణులను ఏర్పఱచెను. ఒకినావా దీవినుండి కరాటేను టోక్యోకు తెచ్చిన ఫునాకోషీ ఆ శ్రేణులనే అనుసరించి 1924లో తన శిష్యులకు మొదటిసారి నల్ల బెల్టు నిచ్చెను. పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలము మున్నగు రంగులు 1930వ దశకమున పారిస్ నగరములో కవాయిషీ అను జూడో గురువు విస్తృతముగా వాడుకలోనికి తెచ్చినవి. పాశ్చాత్య శిష్యులు తమ అభివృద్ధి కంటికి కనబడనిదే నిలువరని ఆయన కనిపెట్టెను. అనగా ఈ రంగులు శిష్యుని ఉత్సాహమును నిలుపుటకు పుట్టిన ఉపాయము. ఉపాయము చెడ్డది కాదు. కాని ప్రతి రంగునకును ఒక పరీక్షయు, ప్రతి పరీక్షకును ఒక రుసుమును ఏర్పడినప్పుడు, ఉత్సాహము నిలుపు మెట్టు రాబడి తెచ్చు మెట్టుగా మాఱు అవకాశము కలదు. తెలుపునుండి నలుపువఱకు సామాన్యముగా పది మెట్లు. ఈ సంగతిని బిడ్డను చేర్చు దినముననే తెలిసికొనవలెను.

ఇక లెక్కకు వచ్చెదను. ఇప్పుడు చెప్పబోవు అంకెలు ఏ ఒక్క తరగతివియు కావు. లెక్కవేయు విధమును చూపుటకై వేసికొన్న ఊహలు. మీరు ఇంటికి పోయి వీనిని చెఱిపి మీ యంకెలను వ్రాసికొనుడు.

నెల రుసుము 500 రూపాయలనుకొందము. తల్లిదండ్రులు చేరునప్పుడు అడుగునది ఈ ఒక్క అంకెనే. సంవత్సరమునకు 6,000. ఇది కనబడు ఖర్చు. ఇక కనబడనివి చూడుడు. దుస్తులు 1,200. బిడ్డ యెదుగుచుండును గనుక అవి ఏడాదిన్నరకు మించి పట్టవు. సంవత్సరమునకు మూడు బెల్టు పరీక్షలు, ఒక్కొక్కటి 800 చొప్పున 2,400. చేతులకు, కాళ్లకు, పండ్లకు, తలకు రక్షణ సామగ్రి 2,000. పోటీలు రెండు, ప్రవేశ రుసుము 700 చొప్పున 1,400. ఆ పోటీలు ఆండిపట్టిలో జరుగవు. ఒకటి మధురలో, ఒకటి దిండుగల్లులోనో కోయంబత్తూరులోనో జరుగును. బిడ్డకును తోడు పోవు పెద్దకును రానుపోను దారిఖర్చు, తిండి కలిపి రెండుసార్లకు 1,200. తోడు పోయినవారికి మగ్గముపైనో, పొలములోనో, అంగడిలోనో రెండు దినముల కూలి పోవును. దినమునకు 700 చొప్పున 1,400. వార్షికోత్సవ ప్రదర్శనకు, ఫొటోకు, జ్ఞాపికకు 500. అన్నియు కూడిన 10,100. అడిగిన ఖర్చు 6,000. అడుగని ఖర్చు 10,100. మొత్తము 16,100 రూపాయలు. ఇద్దఱు బిడ్డలైన, తోడు పోవు పెద్ద ఒక్కరే గనుక కొంత తగ్గినను, 30,000 దాటును. అరకాసు పనికి ముప్పాతిక బాడుగ అని మన పెద్దలు ఊరకే అనలేదు.

సక్కంపట్టిలోనో సుబ్బులాపురములోనో మగ్గముపై బ్రదుకు కుటుంబమునకు ఇది ఎన్ని చీరల నేతకూలియో మీరే లెక్కవేసికొనగలరు. సొమ్మున్నవారు చెల్లింతురు. లేనివారు ఏమి చేయుచున్నారు? నెల రుసుమునకు ఎవరును అప్పు చేయరు. పోటీ దినము దగ్గఱపడినప్పుడు, "తక్కిన పిల్లలందఱును పోవుచున్నారు, మన బిడ్డ ఒక్కటియే నిలిచిపోవలెనా?" అని తల్లి చెవిపోగులు కుదువకు పోవును. అప్పు చేసి పప్పుకూడు తినుట ఒక విధము. అప్పు చేసి పతకము తెచ్చుట ఇంకొక విధము. వడ్డీకి రెండును ఒక్కటే.

ఇందులో మఱియొక దాగిన మెలిక కలదు. సగము త్రోవ నడచినవానికి వెనుకకు మరలుట కష్టము. ఆకుపచ్చ బెల్టువఱకు వచ్చిన పిమ్మట, "ఇంత పెట్టితిమి, నల్ల బెల్టు రాకమునుపు ఎట్లు మానుట?" అని తల్లిదండ్రులు అనుకొందురు. పెట్టిన సొమ్ము ఎట్లును తిరిగి రాదు. ఇక పెట్టబోవు సొమ్ము తగునా తగదా అని మాత్రమే చూడవలెను. బిడ్డకు ఇష్టమున్న కొనసాగింపవలెను. బిడ్డ ప్రతి సాయంకాలము కడుపునొప్పి యనుచున్నప్పుడు, ఇంతవఱకు పెట్టిన ఖర్చును కారణముగా చూపి పంపుట న్యాయము కాదు.

రెండవ విషయము యోగ్యతాపత్రములు. పలువురు తల్లిదండ్రులు బిడ్డను పంపుట శరీరదార్ఢ్యమునకు కాదు. రేపు కళాశాలలోనో ప్రభుత్వోద్యోగములోనో క్రీడాకారుల కోటాలో స్థానము దొరకునని. ఈ యాశ అకారణమైనది కాదు. తమిళనాడు ప్రభుత్వోద్యోగములలో క్రీడాకారులకు నూటికి 3 వంతుల స్థానములు కలవు. 2021లో సిలంబమును ఆ జాబితాలో చేర్చిరి. 2024 జనవరిలో మన రాష్ట్రమున జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడలలో సిలంబము ప్రదర్శన క్రీడగా నిలిచినది. ఇవి సంతోషింపదగిన వార్తలే. కాని ఏ పత్రమైనను చెల్లునని దీని యర్థము కాదు. గుర్తింపు పొందిన సంఘము, గుర్తింపు పొందిన పోటీ, నిర్ణయించిన స్థాయి, ఈ మూడును కుదిరిననే పత్రమునకు విలువ.

కరాటే సంగతి ఇంకను చిక్కైనది. అది ఒలింపిక్ క్రీడలలో ఒకే ఒకమాఱు, 2021లో టోక్యోలో జరిగిన క్రీడలలో, చోటు పొందినది. 2024లో పారిస్‌లో దానికి చోటు లేకపోయినది. మన దేశమున దానిని నడపిన సంఘములో తగవులు పెరిగి, 2020లో భారత ఒలింపిక్ సంఘము ఆ సంఘమునకు గుర్తింపును తొలగించినది. అంతర్జాతీయ సంఘమును అదే సంవత్సరము దూరముంచినది. జూడో 1964లో మొదటిసారి చేరి 1972నుండి ఎడతెగకయు, తైక్వాండో 2000నుండియు ఒలింపిక్ క్రీడలుగా ఉన్నవి. ఒక్కొక్క విద్యకును ఊరూర పలు సంఘములు వెలసి, ప్రతి సంఘమును "జాతీయ" అనియో "అంతర్జాతీయ" అనియో పేరు పెట్టుకొనుచున్నది. పేరులో ప్రపంచమున్నంత మాత్రమున పత్రము ప్రపంచమంతట చెల్లదు.

దీనికి తోడు నేడు "ప్రపంచ రికార్డు" సభలు బయలుదేరినవి. వందలకొలది పిల్లలను మైదానమున నిలిపి, ఎండలో గంటలకొలది కఱ్ఱ త్రిప్పించి, తుదకు తలకొక పత్రమును పతకమును ఇత్తురు. వానికి రుసుము తల్లిదండ్రులదే. కుండపై నిలిచి త్రిప్పుట, మేకుల పలకపై నిలిచి త్రిప్పుట మున్నగు విన్యాసములను కూడ పసిపిల్లలచే చేయించుచున్నారు. ఆ పత్రమును కూడముపై వ్రేలాడదీయవచ్చును. దరఖాస్తుతో జతపఱచిన దానికి మార్కులు వచ్చునా అని ముందుగానే అడిగి తెలిసికొనుట వివేకము.

మూడవది శరీరము. ఈ వ్యయము రసీదులో కనబడదు. ఎదుగుచున్న బిడ్డ ఎముకల కొనలయందు మెత్తని పెరుగుడు పొర యుండును. ఎముక పొడుగగుట ఆ పొరవలననే. అది కౌమారము ముగియువఱకు గట్టిపడదు. చేతితో ఓడు పెంకులను, ఇటుకలను పగులగొట్టుట చూపరులకు వేడుకగా నుండును గాని, ఆ పొరకు దెబ్బ తగిలిన ఎముక వంకరగానో పొట్టిగానో ఎదుగవచ్చును. కోడి రామమూర్తినాయుడుగారు ఏనుగును మోసినది పూర్ణవయస్కుడై, ఏండ్లకొలది సాధనచేసిన పిమ్మట. ఎనిమిదేండ్ల పిల్లవాడు ఆ దారిని మొదటి నెలలోనే పట్టనక్కఱలేదు.

తల సంగతి మఱింత ముఖ్యమైనది. అమెరికాలోని శిశువైద్యుల అకాడమీవారు 2016లో పిల్లల యుద్ధవిద్యలను గూర్చి ఒక నివేదికను ప్రకటించిరి. ఒకరినొకరు తాకకుండ చేయు అభ్యాసమువలన పిల్లలకు బలము, తూకము, మనోనిగ్రహము అలవడునని వారు మెచ్చుకొనిరి. తలకు దెబ్బ తగులు పోటీలు మాత్రము వలదనిరి. మెత్తని తలకవచము మెదడుకు కలుగు అదురును ఆపజాలదని కూడ వారు స్పష్టముగా చెప్పిరి. తల్లిదండ్రులు దీనిని గుర్తుంచుకొనవలెను. కవచము కొంటిమి గనుక భయము లేదనుకొనరాదు. దెబ్బ తగిలిన పిమ్మట బిడ్డకు తలనొప్పి, వాంతి, మఱపు, మత్తు కలిగిన ఆ దినమే వైద్యునికి చూపవలెను. వైద్యుడు సరే యనువఱకు మరల బరిలో దింపరాదు.

నాలుగవ విషయమును సభలో చెప్పుటకు కొంత సంకోచము కలుగును. అయినను చెప్పక తప్పదు. సాము విద్యలో గురువు శిష్యుని చేయి పట్టి, నడుము పట్టి నేర్పును. పోటీలకు దూరపు ఊళ్లకు తీసికొనిపోవును. రాత్రి బసలుండును. గురువుమాటకు ఎదురాడరాదని విద్య తొలి దినముననే నేర్పును. గురువులలో అత్యధికులు గౌరవనీయులు. కాని ఇట్టి అధికారము ఎక్కడ నున్నను అక్కడ కాపుదల యుండవలెను. తలుపులు తెఱచియుండవలెను. తల్లియో తండ్రియో ఎప్పుడైనను వచ్చి కూర్చుండి చూచుటకు అనుమతి యుండవలెను. ఒంటరిగా తరగతి వలదు. ఊరి వెలుపల పోటీకి ఇంటినుండి ఒక పెద్ద తోడు పోవలెను. ఇందాక లెక్కలో చూపిన 700 రూపాయల కూలిని మిగుల్చుకొనుటకై బిడ్డను ఒంటరిగా పంపరాదు. పిల్లల రక్షణకై 2012లో పోక్సో చట్టము వచ్చినది. 1098 అను సంఖ్యకు ఫోను చేసిన పిల్లల సహాయము దొరకును. బిడ్డ ఏదైన చెప్పవచ్చినప్పుడు, "మాస్టరుగారిని అట్లనవచ్చునా?" అని గద్దింపక, ముందు వినుడు.

అయిదవది ఇంటిలోని న్యాయము. పెక్కు కుటుంబములలో ఖర్చు ఒక్క బిడ్డకే చాలును. అప్పుడు తరగతికి పోవునది కొడుకు. అక్క ఇంటిలో నుండి తమ్ముని తెల్లబట్టలు ఉతుకును. ఆత్మరక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో ఆలోచింపుడు. ప్రభుత్వ పాఠశాలలలో ఆడపిల్లలకు సమగ్ర శిక్షా పథకము క్రింద మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఏర్పాటు కలదు. దానికి రుసుము లేదు. మీ పిల్ల చదువు బడిలో అది జరుగుచున్నదా అని ప్రధానోపాధ్యాయుని అడుగుటకు మీకు హక్కు కలదు.

కడపటిది మన సంఘమునకు సంబంధించినది. సాయంకాలము అయిదునుండి ఏడువఱకుగల వేళ మన యిండ్లలో ఒకప్పుడు అవ్వా తాతల వేళ. ఈ గడ్డపై నాలుగైదు వందల యేండ్లుగా తెలుగు బడి లేకయే తెలుగు బ్రదికినది ఆ వేళలోనే. బడిలో మన పిల్లలు తమిళము చదువుదురు. చదువవలెను కూడ. అది మనకు అన్నము పెట్టిన భాష. 2006లో వచ్చిన తమిళ బోధన చట్టము తరువాత, ఒకటవ తరగతినుండి క్రమముగా, అది అందఱికిని నిర్బంధ పాఠ్యమైనది. ఇంగ్లీషు ఎట్లును కావలెను. ఇక తెలుగునకు మిగిలినది ఆ సాయంకాలపు రెండు గంటలే. ఇప్పుడు ఆ రెండు గంటలును సోమవారము కరాటే, మంగళవారము ట్యూషను, బుధవారము కరాటే, ఇట్లు పంపకమైపోయినవి. కరాటే తరగతిలో "ఇచి, ని, సాన్, షి" అని జపానుభాషలో పదివఱకు తడువుకొనక లెక్కించు బిడ్డ, ఇంటిలో అవ్వ "ఏడు తర్వాత ఏమిరా అబ్బాయి?" అని యడిగిన తెల్లముఖము వేయుట మీలో పలువురు చూచియే యుందురు. జపాను లెక్క నేర్చుకొనుట తప్పు కాదు. ఇంటి లెక్క రాకపోవుటయే నష్టము. ఏ రసీదులోను ఎక్కని వ్యయము ఇది. ఒకతరములో పోయినదానిని మఱుతరము ఎంత రుసుము చెల్లించినను కొనలేదు.

అయిన ఏమి చేయవలెను? తరగతి మాన్పించుడని నేను చెప్పను. చేరుటకు ముందు గురువుగారిని వినయముగా అడుగవలసిన ప్రశ్నలను చెప్పెదను. నెల రుసుము కాక సంవత్సరమునకు మొత్తము ఎంత? పరీక్షలు ఎన్ని, వాని రుసుము బెల్టు మాఱినకొలది పెరుగునా? పోటీలకు పోవుట నిర్బంధమా, ఐచ్ఛికమా? మీ సంఘము ఏ సంస్థతో చేరియున్నది? దుస్తులు, సామగ్రి బయట కొనవచ్చునా? దెబ్బ తగిలిన ప్రథమచికిత్స యెవరు చేయుదురు? తల్లిదండ్రులు వచ్చి చూడవచ్చునా? మంచి గురువు ఈ ప్రశ్నలకు కోపగింపడు. కోపగించిన, అదియే మీకు సమాధానము.

పత్రముల విలువను గూర్చి సందేహమున్న, తేనిలోని జిల్లా క్రీడాధికారి కార్యాలయమునకు పోయి అడుగుడు. 2022లో మధుర తేని రైలు మరల నడచినప్పటినుండి ఆ ప్రయాణము సులభమైనది. ఆ చిన్న ప్రయాణము పదివేల రూపాయలను కాపాడవచ్చును.

సంఘమునకు నాదొక చిన్న సూచన. మనలో కఱ్ఱసాము తెలిసిన పెద్దలున్నారు, దేవరాట్టపు అడుగు తెలిసినవారున్నారు. ఆదివారము ఉదయము ఒక గంటన్నర మైదానమున పిల్లలను చేర్చి, వెదురు కఱ్ఱ ఒక్కటి చాలునట్లు, మగపిల్లలకును ఆడపిల్లలకును కలిపి నేర్పింతము. అడుగులను తెలుగులో లెక్కింతము. ఒకటి, రెండు, మూడు అని నూఱువఱకు. సాము వచ్చును, సంఖ్యయు వచ్చును. నేర్పిన పెద్దకు సంఘనిధినుండి గౌరవవేతనము ఇత్తము. ఉచితముగా నేర్పుమని పెద్దలను అడుగుట కూడ దాగిన ఖర్చును వారి నెత్తిన వేయుటయే యగును. పోటీలలో ముందుకు పోదగిన నేర్పుగల బిడ్డ కనబడిన, ఆ బిడ్డను గుర్తింపు పొందిన శిక్షణకు పంపుటకు మనమందఱము కలిసి సాయపడుదము. పదిమంది బిడ్డలకు పదిరంగుల బెల్టులు కొనుటకంటె ఒక్క బిడ్డను నిజముగా పైకి తెచ్చుట మేలు.

ఈ సూచనను వచ్చు కార్యవర్గ సమావేశమున చర్చకు పెట్టుదురని నమ్ముచున్నాను. మీలో సాము నేర్పగలవారు, నేర్పించుకొనగోరు పిల్లల తల్లిదండ్రులు సభ ముగిసిన పిమ్మట కార్యదర్శిగారియొద్ద పేరు వ్రాయించుడు.